దవడ ఒగ్గీ

నా చిన్నప్పుడు ఒక వేసవి ఉదయం, భీమిలిలో ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్నదంతా ఇంతే: మా చిన్నమామయ్య, ఆయన కూతురు, ఒడ్డుకు లాగిన పడవ, నడుము లోతు నీళ్ళలో వణుకుతూ నేను. చేపల వేటకు నన్నూ తీసుకెళ్ళమని సెలవులు మొదలైనప్పటి నుంచీ మామయ్యను వేధిస్తున్నాను. ఆయన షరతు ఒకటే. నీళ్ళ మీద వెల్లకిలా తేలగలిగినవాడే పడవ ఎక్కాలి.

మామయ్య నా తల కింద అరచెయ్యి పెట్టినంతసేపూ బాగానే ఉండేది. చెయ్యి సడలిందనిపించగానే ఒళ్ళు కర్రలా బిగుసుకుని ముందు కాళ్ళు, తర్వాత నడుము, చివరికి ముక్కు మునిగేవి. ఒడ్డున కూర్చున్న మరదలు ఊరుకోలేదు.

“లంగరు ఇంటికాడే ఒగ్గీ నాన్నా. బావని కట్టీసుకుని ఎల్లిపో,” అంది.

రోషంతో పళ్ళు ఇంకా గట్టిగా బిగించాను. మామయ్య తడి వేలితో నా చెవి ముందు, దవడ కీలు మీద తట్టాడు.

“కాళ్ళూ సేతులూ తరవాత. ముందు దవడ ఒగ్గీ.”

పడవలో తాడు వదిలెయ్యమనడానికి కూడా ఆయన ఆ మాటే అనేవాడు.

మళ్ళీ పడుకోబెట్టాడు. ఈసారి తేలమనలేదు. దవడ ఏం చేస్తోందో చూసి చెప్పమన్నాడు, అంతే. “ఏటి సేత్తంది?” అన్న గొంతు నీళ్ళలోంచి దూరంగా వినిపించేది. బిగుసుకుందని చెబితే, అయితే దాన్నే చూస్తూ ఉండమనేవాడు. చూస్తూండగా పళ్ళ మధ్య సందు వచ్చింది, మెడ మెత్తబడింది, ఊపిరి పొట్టదాకా దిగింది. మరదలు మాట్లాడ్డం లేదేమిటా అని కళ్ళు తిప్పాను. మామయ్య నాకు బారెడు దూరంలో రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

మర్నాడు పడవలో నన్ను లంగరు పక్కనే కూర్చోబెట్టారు. రాజులా కూర్చున్నాను.

ఇన్నేళ్ళకు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండగా, దవడ నొప్పి పట్టుకుంది. నెలల తరబడి పోలేదు. ఆవలించాలంటే భయం, ఇడ్లీ కూడా తుంపులు చేసుకుని తినేవాణ్ణి. పళ్ళ డాక్టరమ్మ నా వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టి చూసుకోమంది. మూడు పట్టాలి, ఒకటే పట్టింది. తెలియకుండానే రోజంతా పళ్ళు బిగిస్తున్నానని చెప్పి కొన్ని వ్యాయామాలు నేర్పింది. రోజులో పలుమార్లు పని ఆపి, దవడనూ ఊపిరినీ ఊరికే గమనించమంది. గమనించడమంటే ఎలాగో ఆమె వివరిస్తుంటే నవ్వొచ్చింది. ఆ పాఠం నాకు భీమిలి నీళ్ళలోనే అయిపోయింది.

అప్పటి నుంచీ కంప్యూటర్‌లో నా ప్రోగ్రాం నడిపి చూసుకునే ప్రతిసారీ, నన్ను నేను మామయ్య గొంతుతో అడుగుతున్నాను. ఏటి సేత్తంది? నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వస్తే దానితో కుస్తీ పట్టను, చూసి ఒగ్గీస్తాను.

మొన్న ఆదివారం బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని, గింజలు ఒలుచుకోకుండా నేరుగా కొరికి తిన్నాను. ఇంటికొచ్చి అద్దం ముందు కొలుచుకున్నాను. మూడు వేళ్ళు.