కింద పడ్డ క్లే ముద్ద

పోయినేడు కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందు, కొన్న నెలకే, నా ఎర్ర కారుకు వ్యాక్స్ పూయాలని ముందుగా క్లే బార్ రుద్దుతున్నాను. రంగుకు అంటుకున్న దుమ్మును లాగేసే మెత్తటి ముద్ద అది. విరుదునగర్ నుంచి వచ్చిన మా అక్క మొగుడు, నలభై ఎకరాల నల్లరేగడి ఆసామి, నాకు నేర్పిస్తానని లాక్కుని మట్టిలో జారవిడిచాడు. కింద పడితే ఇసుక అంటుకుంటుంది, ఇక పనికిరాదని చెప్పాను. ఆయన దాన్ని పంచెకు తుడిచి, "మన కరిసల్ మన్ను, నల్లమట్టి దానే రా, ఏం సేస్తుంది?" అంటూ బానెట్టంతా రుద్దాడు.

నీళ్లు పోయగానే ఎండలో గీతలు మెరిశాయి. ఆయన వంగి చూసి, "పెయింట్ సరి లేదు, కొనేటప్పుడే నువ్వు ఏమారినావు" అన్నాడు.

ఆ ముద్దను అప్పుడే పారేశాను. అక్క మొగుణ్ణి పారేయలేం కదా.