రాయకూడని చేబదులు

బ్యాంకుకు గానీ, చిట్టీవాళ్లకు గానీ, గంజ్‌లో కిరాణా షాపుకు గానీ ఈరోజు నేను ఒక్క రూపాయి బాకీ లేను. మెడలో గొలుసు నాది. కిస్తీలన్నీ తీరి ఇంట్లో ఫ్రిజ్ కూడా నాదే అయింది. ఈ మాట చెబితే నాకన్నా ఎక్కువ సంతోషపడే మనిషి ఒకతి ఉండేది. ఆమె ఇప్పుడు కోహీర్‌లో ఉంటుంది. జహీరాబాద్‌లో బస్సెక్కితే ముప్పావు గంట ప్రయాణం. అయినా ఆమె నాకు చాలా దూరమైంది, అదీ నా నోటి వల్లే.

ఆమెను నేను ఆపా అని పిలిచేదాన్ని, అంటే అక్క అని. మేము గంజ్ వెనక గల్లీలో అద్దెకు దిగినప్పుడు పక్క వాటా వాళ్లది. రెండు ఇళ్లకూ మధ్య గోడ ఒకటే, నల్లా ఒకటే, బట్టలారేసే తీగ ఒకటే. గంజ్ మార్కెట్‌కు అల్లం లారీలు వచ్చే రోజుల్లో ఇద్దరి చీరలకూ ఒకటే వాసన. ఆపా భర్తకు హైవే మీద లారీ టైర్ల పంక్చర్ షాపు. ఆపా ఇంట్లో మిషన్ కుట్టేది. నేను ఒక ప్రైవేటు బడిలో ఫీజులు వసూలు చేసే గుమాస్తాను. మా ఆయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. నాకు డబ్బు కనపడేది నెల మొదటి వారంలో, ఆపాకు పండగలకూ పెళ్లిళ్లకూ ముందు. అందుకని ఇద్దరి చేతులూ ఒకేసారి ఖాళీ అయ్యేవి కావు. ఆ సంసారాలు నడిచింది దాని మీదే.

నెలలో ఇరవయ్యో తారీఖు దాటితే నేను గోడ మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టేదాన్ని. ఆపా తలుపు దగ్గరికి వచ్చి ఎంత అని అడిగేది, ఎందుకని ఎన్నడూ అడగలేదు. మిషన్ సొరుగులో దారపు ఉండల కింద నుంచి నోట్లు తీసి నా గుప్పిట్లో పెట్టేది. ఆమెకు అవసరమైనప్పుడు గోడ అటువైపు నుంచి మోగేది. దాన్ని మేము చేబదులు అనేవాళ్లం. చేతి నుంచి చేతికి వెళ్లేది చేబదులు. దానికి కాగితం ఉండదు, ఎప్పుడిస్తావన్న మాట ఉండదు, మిత్తి ఉండదు. వడ్డీని మా దిక్కు మిత్తి అంటారు. మా ఇద్దరి మొగుళ్లకూ ఈ రాకపోకల్లో సగం తెలియదు, తెలిసిన సగం అబద్ధం.

ఒకసారి మా ఆయనకు కడుపునొప్పి వచ్చి దవాఖానలో అప్పటికప్పుడు ఆపరేషన్ అన్నారు. నేను వరండాలో నిలబడి ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఫోన్ వైపే చూస్తూ ఉన్నాను. ఆపా ఆటోలో వచ్చి నా సంచిలో ఒక రుమాలు మూట పెట్టింది. అందులో పదకొండు వేలు. వాటిని తీర్చడానికి నాకు ఏడాది పట్టింది, ఒకసారి ఐదొందలు, ఒకసారి వెయ్యి. చివరి వెయ్యి ఇచ్చిన రోజు, ఇంకా ఉన్నాయా అని ఆశ్చర్యపోయింది. నిజంగా మర్చిపోయిందో, నా కోసం మర్చిపోయినట్టు నటించిందో నేను తేల్చుకోలేదు.

నా మిగతా అప్పులు అంత మర్యాద గలవి కావు. మా ఆయన అల్లం బస్తాలు మోయించి బాగుపడదామని ఒక పాత ట్రాలీ ఆటో కొన్నాడు. దానికి బ్యాంకు అప్పు. ఆటో న్యాల్‌కల్ రోడ్డు మీద మూడుసార్లు ఆగిపోయి నాలుగోసారి ఇక లేవలేదు. దాని రిపేర్లకు నా గొలుసు గిర్వి పెట్టాం, అంటే తాకట్టు. గిర్వి మిత్తి కట్టడానికి నేను చిట్టీ పాడి, రావాల్సిన దానికన్నా చాలా తక్కువకే ఎత్తుకున్నాను. ఆటో తుక్కు కింద పోయింది, అప్పులు మాత్రం గట్టివి. అప్పు చేసి పప్పుకూడు అని ఎవరిని అంటారో గానీ, మా ఇంట్లో పప్పు కూడా ఉద్దెరే.

అట్లాంటి రోజుల్లో ఒక శనివారం మా బడికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. ఉద్యోగులకు డబ్బు సంగతులు నేర్పుతాడట. భోజనాలయ్యాక పెట్టారు కాబట్టి సగం మంది టీచర్లు కళ్లు తెరిచి నిద్రపోయారు. నేను మాత్రం విన్నాను. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఒక పక్క మనకున్నవి, రెండో పక్క మనం ఇవ్వాల్సినవి రాయమన్నాడు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే నెట్‌వర్త్, మీ అసలు విలువ అన్నాడు. నాకు లక్షా ఎనభై వేలు మైనస్ వచ్చింది. ముప్పై ఆరేళ్లు బతికి సంపాదించిన విలువ అది. అసలు పుట్టకుండా ఉన్నా సున్నా దగ్గర ఉండేదాన్ని.

ఏడుపు రాలేదు, పౌరుషం వచ్చింది. దారిలో పొడుగు పుస్తకం ఒకటి కొన్నాను. మిత్తి ఎక్కువున్న అప్పు ముందు తెంపాలి, జీతం రాగానే ఖర్చుకన్నా ముందు కొంత పక్కన పెట్టాలి, మూడు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచుకోవాలి అని ఆయన చెప్పినవన్నీ మొదటి పేజీలో రాసుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవరైనా మనకు ఇవ్వాల్సి ఉంటే అదీ మన ఆస్తే, మర్చిపోకుండా రాయండి అన్నాడు. నాకు చెప్పాలా? రాయడమే నా ఉద్యోగం. బడిలో ఏ పిల్ల తండ్రి ఎంత బాకీ ఉన్నాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పటికి మూడు నెలల కింద ఆపా మిషన్ మోటారు కోసం నా దగ్గర తీసుకున్నవి గుర్తొచ్చి, ఉన్నవాటి వైపు ఆ పద్దు కూడా రాశాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మరునాడు ఆదివారం. ఆపా చీరకు ఫాల్ కుడుతోంది. నేర్చుకున్న కొత్త విద్య ఆమెకూ నేర్పాలని పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆపాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. నువ్వే చదువు, వింటా అంది. నేను పీట మీద కూర్చుని బడిలో పాఠంలా చదివాను. బ్యాంకులో తొమ్మిది వందలు, డబ్బులేసుకునే గల్లగురిగిలో రెండొందల చిల్లర, ఫ్రిజ్‌లో కింది సగం మాది, పై సగం కంపెనీది. ఆపా మిషన్ మీద కుడుతూ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకింకా హుషారు పెరిగింది. అదే ఊపులో తర్వాతి పద్దు కూడా చదివేశాను. ఆపా దగ్గర నుంచి రావాల్సింది మూడు వేల ఐదు వందలు.

ఆ పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి వెళ్లినా ఆమెకు తెలిసేది కాదు. నేనే గొంతు సవరించుకుని మరీ వినిపించాను. మిషన్ ఆగింది.

"నన్ను రాసినవా చెల్లె?" అంది ఆపా.

అందరివీ రాయాలట, ఆ సారు చెప్పారు, లెక్క కోసమే గానీ అడగడానికి కాదు అని ఏదేదో చెప్పాను. మంచిదే, లెక్క ఉండాలి అని ఆమె దారం పంటితో తెంపి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. కాసేపాగి చాయ్ కూడా పెట్టింది. దాంతో సంగతి అయిపోయిందనుకున్నాను. ఫీజు బాకీల్లో అంత తెలివి చూపించే దాన్ని, ఇక్కడ ఏమీ అర్థం కాలేదు.

శుక్రవారం నాడు ఆపా మా ఇంటికి వచ్చింది. గోడ కొట్టకుండా తలుపు కొట్టి వచ్చింది. ఏడు ఐదొందల నోట్లు, పైన రెండొందల పది రూపాయలు బల్ల మీద పెట్టింది. ఈ రెండొందల పది ఏమిటన్నాను. నూటికి రెండు రూపాయల చొప్పున మూడు నెలల మిత్తి అంది. నేను ఆ డబ్బు ఆమె చేతిలో కుక్కబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చేబదులైతే రాయరు చెల్లె. రాసినంక అది అప్పే గద. అప్పుకు మిత్తి ఇయ్యాలె."

కోపంగా అని ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఆమె ముందే ఆ కాగితం చింపాను. చింపుతుంటే, పుస్తకం ఎందుకు పాడు చేస్తావు అని అడిగింది. దవాఖాన వరండాలో పదకొండు వేలు ఇచ్చిన మనిషి పేరు నేను ఏ పక్కా రాయలేదని, మూడు వేల ఐదు వందలకు మాత్రం రాశానని నాకప్పుడు తట్టింది. తీరిపోయిన అప్పుకు ఆ లెక్కలో గడి లేదు. ఆ సారును తిట్టుకుందామంటే ఆయన తప్పూ లేదు.

తర్వాత మేము పోట్లాడుకోలేదు. ఆపా పెరుగుకు తోడు ఇచ్చేది, నేను కరివేపాకు ఇచ్చేదాన్ని. గోడ మాత్రం మోగలేదు. నేను కొట్టడానికి సిగ్గుపడ్డాను, ఆమెకు అవసరం పడితే ఎవరి దగ్గర తీసుకుందో నాకు తెలియదు. మరుసటేడు ఇంటి ఓనరు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడతానని ఇద్దరినీ ఖాళీ చేయించాడు. మేము కొత్త కాలనీకి, వాళ్లు కోహీర్‌లో అత్తగారింటికి. వెళ్లే ముందు ఆపా నా జాకెట్టు ఒకటి కుట్టి తెచ్చింది. కుట్టుకూలి ఎంత అని మాటవరసకు అడిగాను. నూట యాభై అని చెప్పి తీసుకుంది. అన్నేళ్లలో ఆమె నా దగ్గర కూలి తీసుకున్నది ఆ ఒక్కసారే.

పుస్తకం మాత్రం నేను వదల్లేదు. ముందు గిర్వి తెంపి గొలుసు విడిపించాను. ఉద్దెర మానేసి, చేతిలో ఉన్నంతలోనే సామాను తెచ్చాను. చిట్టీ అయిపోయాక ఇంకో చిట్టీ జోలికి పోలేదు, నెలనెలా బ్యాంకులో వేశాను. మా ఆయన ఓవర్‌టైం డబ్బు ఆయన జేబులోంచి నా పుస్తకంలోకి రావడానికి కొన్ని యుద్ధాలు జరిగాయి, అన్నీ నేనే గెలిచాను. ఆ హైదరాబాద్ సారు చెప్పిందంతా నిజమే. మూడేళ్లలో మైనస్ పోయింది. బ్యాంకు ఆఖరి కిస్తీ ఖాతాలోంచి కట్ అయినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడు నేను బడిలో ఫీజుల కిటికీ దగ్గర ఉన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మంచిదే అని, కూరేం చేస్తున్నావని అడిగాడు. నేను వంటింట్లో గోడ దగ్గర నిలబడ్డాను. కొత్తింట్లో ఆ గోడ అవతల మెట్లున్నాయి. నాకు ఆపా కావాలనిపించింది. ఆ మిషన్ చప్పుడు, ఆమె పెట్టే ఖట్టీ దాల్, నెలాఖరున తలుపు దగ్గరికి వచ్చి అడిగే ఎంత అన్న ఆ ప్రశ్న కావాలనిపించింది. బాకీలున్న ఆ రోజులే మళ్లీ వస్తే బాగుండునని నిజంగా అనుకున్నాను. ఎంత బుద్ధిలేని కోరికో నాకు తెలుసు.

జామకాయల కాలంలో ఒక ఆదివారం కోహీర్ బస్సెక్కాను. ఆపా నన్ను చూసి చేతులు పట్టుకుంది. జుట్టు నెరిసింది, కళ్లద్దాలొచ్చాయి. కూర్చోబెట్టి జామకాయలు కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చింది. నా మెడ చూసి గొలుసు విడిపించినవా, ముబారక్ అంది. అందరి సంగతులూ అడిగింది, అందరి సంగతులూ చెప్పింది. ఇంటికొచ్చిన చుట్టానికి జరగాల్సిన మర్యాద అంతా జరిగింది. లేవబోయే ముందు, దారి పొడుగునా మనసులో చదువుకుంటూ వచ్చిన మాట అడిగాను.

"ఆపా, జర రెండు వేలు సర్దుతవా? చేబదులు."

నా పర్సులో అప్పుడు ఐదు వేలున్నాయి. నాకు అవసరం లేదని గొలుసు చూసిన ఆమెకు తెలియకుండా ఉండదు. ఆపా కళ్లద్దాలు తీసి, పైట కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఇంట్లో నోట్లు లేవు, ఇప్పుడు కుట్టించుకునేవాళ్లంతా ఫోన్‌లోనే వేస్తున్నారు అంది. ఫోన్ తీసి మెల్లగా ఒక్క వేలితో ఏదో కొట్టింది. నా సంచిలో ఫోన్ మోగింది. ఎప్పుడిస్తావని అడగలేదు.

తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. క్షమించిందనుకున్నాను. ఫోన్ తెరిచి ఆ రెండు వేలను చూసుకుంటే, అంకె కింద సందేశం రాసే గడిలో ఉర్దూలో ఒక చిన్న మాట ఉంది. నాకు ఆ అక్షరాలు రావు. చెల్లె అని రాసి ఉంటుందనుకున్నాను. సోమవారం మా బడిలో ఉర్దూ చెప్పే సారుకు చూపించాను.

"కర్జ్ అని ఉన్నది మేడం. అప్పు అన్నట్టు," అని, ఎవరిది అని అడిగాడు.

మా అక్కదని చెప్పి ఫోన్ తీసుకున్నాను.

ఏడాదిన్నర అయింది. ఆ రెండు వేలు తిరిగి పంపడం ఒక్క నిమిషం పని. పంపితే ఆపా ఫోన్‌కు రసీదు వెళ్తుంది, లెక్క తీరిపోతుంది, ఇక నాతో ఆమెకు పనేమీ ఉండదు. పండగలకు నేను ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది, డబ్బు ఊసు ఎత్తదు. మా ఇంటికి రమ్మంటే చూస్తా అంటుంది. ఎవరి బాకీ అయినా తారీఖు దాటకుండా కట్టే నేను ఈ ఒక్కటి కట్టడం లేదు. ఆ అప్పు తిరిగి అడగడానికైనా ఆపా ఒకరోజు మా ఇంటికి వస్తుందని చూస్తున్నాను.