ముందు బాత్రూం చూడాలి

మా మామయ్య ఎక్కడికి వెళ్ళినా ముందు బాత్రూం చూడందే కుర్చీలో కూర్చోడు. అమ్మకు తమ్ముడు, వృత్తికి ప్రకృతి వైద్యుడు.

చూడడమంటే తొంగిచూసి రావడం కాదు. గొళ్ళెం వేసి తీస్తాడు, కుళాయి తిప్పుతాడు, వాకిలి నుంచి ఎన్ని అడుగులో లెక్కపెడతాడు. ఒకసారి చెప్పుల కొట్టులో ఆరు జతలు దింపించి, బాత్రూం చూసి, ఏమీ కొనకుండా, గొళ్ళెం వదులైందని చెప్పి వచ్చేశాడు. బ్యాంకు మేనేజరు తన సొంత బాత్రూం తాళంచెవి ఇచ్చేదాకా కదల్లేదు. షుగరేమోనని అత్తయ్య రెండుసార్లు రక్తపరీక్ష చేయించింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

"రోగమైతే మందుంటుంది. ఇది బుద్ధి" అని తేల్చేసి, అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా అత్తయ్య ఆయనకు బారెడు వెనక నడుస్తుంది.

పెద్దపేగులో పుండ్లు పడి, రక్తం పోతూ, రోజుకు పన్నెండుసార్లు పరుగెత్తే రోజుల్లో నేనాయన దగ్గర వైద్యానికి చేరాను. ఆసుపత్రి డాక్టరిచ్చిన మాత్రలు ఒక్కపూట మానినా తన గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆ తర్వాతే మెత్తగా ఉడికించిన కూరలు, పొట్టమీద తడిపట్టీ, ఏం తింటే ఏమైందో రాసుకోవడం. నెలలు గడిచాక పరుగులు మూడుకు దిగాయి. భయం మాత్రం పన్నెండు దగ్గరే ఆగిపోయింది. గది దాటడం మానేసి, పుస్తకాలున్నాయిగా అని సరిపెట్టుకున్నాను.

అప్పుడే పిహెచ్‌డి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. వెళ్ళనన్నాను. అరగంట బస్సు ప్రయాణం. మధ్యలో అవసరమైతే ఎవర్నడగను? కొట్లో పెన్ను ధర అడగడానికే నాకు నోరు పెగలదు.

మామయ్య ధైర్యం చెప్పలేదు. సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు. పేజీకొక వీధి. ఏ కొట్లో, ఎన్ని అడుగుల దూరం, ఏ వేళకు తెరిచి ఉంటుంది, ఎవరికి చెప్పి ఉంచాడు, అన్నీ ఉన్నాయి.

"నీలాంటివాళ్ళు నా దగ్గర పధ్నాలుగు మందమ్మా. అడగడానికి సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటున్నారు. అందుకని నేనే అడిగేస్తున్నా."

మా ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా పదకొండు గుర్తులున్నాయి. ఇంటర్వ్యూ జరిగే భవనం దగ్గర మాత్రం ఖాళీ.

"ఇదేంటి మామయ్యా?"

"అక్కడి వాచ్‌మన్ నన్ను రెండుసార్లు గెంటేశాడు. అదొక్కటీ నువ్వే కనుక్కోవాలి."

వెళ్ళాను. దారిలో రెండుచోట్ల దిగాను. మామయ్య పేరు చెప్పి, ఆ డాక్టరుగారి తాలూకు అనగానే ఇంకో మాట అడగకుండా తలుపు చూపించారు. సీటు కూడా వచ్చింది. కానీ నేను అందరికీ చెప్పుకునేది మాత్రం ఆ భవనం గుమ్మం సంగతి. అక్కడ గొంతు సవరించుకుని, జన్మలో మొదటిసారి, ముక్కూమొహం తెలియని మనిషిని నేనే ముందు పలకరించాను.

"బాత్రూం ఎక్కడండీ?"

వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంతకుముందొక పెద్దాయన కూడా రాగానే ఇదే అడిగాడు. నీకేమవుతాడు?"

"మా మామయ్యండీ" అన్నాను, అక్కడున్న నలుగురికీ వినబడేలా.