కూత లేని చెడుగుడు

ఆ బడిలో నా మొదటి ఇంటర్వెల్లో నాకు చెవులు పోయాయనుకున్నాను.

డెబ్బైల నాటి మాట. ఉయ్యూరు అవతల, చెరుకు తోటల మధ్య ఒక ఎలిమెంటరీ స్కూలు. నేనేమో బెజవాడ వన్ టౌన్లో పుట్టి పెరిగినదాన్ని. తెల్లవారకముందే మా గుమ్మం ముందు బస్తాల బళ్ళు, హమాలీల కేకలు. గోల లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. ట్రైనింగ్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఊపు మీదున్నాను. పిల్లల ఆటవిడుపును ఉద్ధరించేద్దామని తాళ్ళు, రబ్బరు బంతులు, రంగు సుద్దలు సంచినిండా పట్టుకెళ్ళాను.

ఇంటర్వెల్ వేళయింది కానీ గంట మోగలేదు. హెడ్మాస్టారు వరండా చివర నిలబడి భుజం మీది తువ్వాలు తీసి ఊపారు. పిల్లలు బయటికొచ్చారు. పరుగెత్తుతున్నారు, తోసుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఒక్క గొంతూ లేదు. దుమ్ములో అరికాళ్ళ చప్పుడు మాత్రం మెత్తగా వినిపిస్తోంది. మధ్యలో గీత గీసుకుని చెడుగుడు ఆడుతున్నారు. కూతకు వెళ్ళినవాడి పెదాలు చకచకా కదులుతున్నాయి గానీ కూత లేదు. అవతలి జట్టు వాడి కాళ్ళను వదిలేసి నోటినే కన్నార్పకుండా చూస్తోంది. పెదాలు ఆగాయా, వాడు అవుటు. నేను మాస్టారి దగ్గరికి నడిచాను.

"ఏంటండీ ఇది?" అన్నాను. నాకు తెలియకుండానే గుసగుసగా అన్నాను.

మాస్టారు వేలు పెదాల మీద పెట్టుకుని, అదే వేలితో ప్రహరీ వైపు చూపించారు. బడికి స్థలమిచ్చిన పెద్దావిడ ఇల్లు అటుపక్కనే. గోడ మీదుగా ఒక కిటికీ సగం తెరిచి కనిపిస్తోంది. ఆవిడ మంచాన పడి చాలా నెలలైందట. గుండె జబ్బు, చప్పుడు తగలకూడదని డాక్టరు చెప్పాడట. కొడుకు వచ్చి చేతులు జోడించి అడిగాడట. అంతే, మాస్టారు గంట విప్పి బీరువాలో పెట్టేశారు. నోరెత్తిన పిల్లలకు ఆ రోజు ఆట బంద్.

"ఆవిడ దయవల్లే మన నెత్తిన ఈ కప్పు ఉందమ్మా. వీళ్ళ అరుపులకి ఆ ప్రాణం కాస్తా పోతే ఎవరు పూచీ?" అన్నారు.

తొక్కుడుబిళ్ళ గళ్ళు గీశాను, తాళ్ళు పంచాను. పిల్లలు బుద్ధిగా ఆడారు. నేను మోసుకెళ్ళిన ఆటలన్నీ రెండు రోజుల్లో మూగవైపోయాయి. కిటికీలో అప్పుడప్పుడు నెరిసిన తల ఒకటి కదలకుండా మావైపే చూస్తూ కనిపించేది. నేను చూడగానే వెనక్కి తప్పుకునేది. చప్పుడు చేస్తున్నామేమోనని కనిపెడుతోంది కాబోలు అనుకుని ఆ తలంటే భయపడేదాన్ని.

ఒకరోజు రెండో తరగతి పిల్ల తాడు కాళ్ళకు చుట్టుకుని బోర్లా పడింది. గడ్డం చిట్లింది. పరుగెత్తుకెళ్ళాను. నోరు ఇంత తెరిచి ఏడుస్తోంది, కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, గొంతులోంచి చిన్న శబ్దం కూడా రావట్లేదు. చుట్టూ చేరిన పిల్లలందరూ దాని వైపు చూస్తూ పెదాల మీద వేళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. నేను చెంగుతో దాని గడ్డం అదిమిపట్టాను.

మర్నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది. "టీచరమ్మగారూ, బడిలో ఏమవుతోందండీ? ఇంట్లో కూడా ఇంతేనండి. చెల్లెల్తో ఆడుతుంటే ఇద్దరి నోళ్ళూ కదుల్తాయి, మాట రాదు. చూస్తుంటే భయమేస్తోందండి. ఏదైనా గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాను," అంది.

ఇక నా వల్ల కాలేదు. రోజుకు కాసేపైనా పిల్లల్ని అరవనివ్వమని ఆ ఇంటికే వెళ్ళి అడుగుతానన్నాను. "కొరివితో తల గోక్కోకమ్మాయ్," అన్నారు మాస్టారు. నేను గోక్కుందామనే బయల్దేరాను.

కొడుకు మర్యాదస్తుడే. అరుగు మీద కుర్చీ వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. నేను అడిగింది విని తల అడ్డంగా ఊపాడు. "అమ్మ కంటే ఏదీ ఎక్కువ కాదండీ," అన్నాడు. ఆ మాట కూడా గుసగుసగానే. ఆ ఇంట్లో అందరిదీ అదే గొంతు. నేను లేవబోతుంటే లోపల్నించి పిలుపు వచ్చింది. "ఎవర్రా అది? ఇలా రమ్మను."

ఆ గదిలో కిటికీ పక్కనే మంచం. పెద్దావిడ నా ముంజేయి పట్టుకుని ఒకసారి నొక్కి చూసింది.

"వెచ్చగానే ఉన్నావే," అంది. "నువ్వు ఆ పిల్లల దానివేగా?"

"అవును మామ్మగారూ, పంతులమ్మని."

"ఆ పిల్లలు బతికే ఉన్నారా?"

ఆవిడ చెయ్యి వదల్లేదు.

"పరిగెడతారు, పడతారు, నోళ్ళు తెరుస్తారు. గొంతు వినపడదు. పోనీ నాకే చెవుడొచ్చిందా అంటే పంచదార ఫ్యాక్టరీ కూత వినపడుతోంది, కోడలి గాజులు వినపడుతున్నాయి. వీళ్ళంతా నా దగ్గర శవం పక్కన కూర్చున్నట్టు గుసగుసలాడతారు. వాళ్ళు పోయారో, నేనే పోయానో తెలియక చస్తున్నాను."

"ఎవర్నైనా అడగలేకపోయారా మామ్మగారూ?"

"అడిగితే అవునంటారేమోనని భయం," అంది.

కొడుకు గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. ఆయన్ని చూస్తే నాకూ ఏడుపొచ్చింది.

సంగతంతా విన్నాక మర్నాడు మాస్టారే గంట కట్టి, తన చేత్తో కొట్టారు. పిల్లలు ఉలిక్కిపడ్డారు. "అరవండర్రా, మీ ఇష్టమొచ్చినట్టు అరవండి," అన్నాను. ఎవరూ నోరు తెరవలేదు. తెరిచినవాళ్ళకు గొంతు రాలేదు. అందరూ నావైపు చూస్తూ నిలబడితే, నిజంగానే వీళ్ళు బతికే ఉన్నారా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

చెంగు బొడ్లో దోపి గీత దాటాను. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ వన్ టౌన్ గొంతంతా పెట్టి కూత పెట్టాను. పిల్లలు వెనక్కి వెనక్కి తగ్గారు. గడ్డానికి కట్టు కట్టుకున్న పిల్ల మాత్రం తగ్గలేదు. వచ్చి నా కాలు వాటేసుకుంది. నా ఊపిరి అయిపోయింది.

"అవుటు! టీచరుగారు అవుటు!" అని కీచుమంది.

అంతే, బడి కప్పు ఎగిరిపోయినంత పని అయింది. ఇన్నాళ్ళ అరుపులూ ఒక్కసారే అరిచారు. అంతలో కిటికీ తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి.

"ఓరి మీ దుంపలు తెగ! చెవులు చిల్లులు పడుతున్నాయిరా! నన్ను బతకనివ్వరా?"

ఆ తిట్టు విని నేను దుమ్ములోనే కూర్చుని ఏడ్చేశాను. పిల్లలు మాత్రం భయపడి కాసేపు ఆగి, ఆవిడ నవ్వడం చూసి మళ్ళీ మొదలెట్టారు. అప్పట్నించి రోజూ పిల్లలు అరవడం, ఆవిడ తిట్టడం.

మరుసటి ఏడు నాట్ల రోజుల్లో, ఒక ఇంటర్వెల్లో, ఆవిడ కొడుకు వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. ఏం కావాలండీ అని మాస్టారు అడిగితే, ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. పిల్లల ఆట చూస్తూ నిలబడ్డాడు. గంట మోగి పిల్లలంతా లోపలికి వెళ్ళాక మా దగ్గరకు వచ్చాడు.

"ఇందాక అమ్మ పోయిందండీ. ఆట మొదలైన కాసేపటికి."

"అయ్యో, అప్పుడే చెప్పొద్దటండీ? పిల్లల్ని ఆపేసేవాళ్ళం కదా," అన్నారు మాస్టారు.

"అందుకే చెప్పలేదండీ," అన్నాడు.