మైకులో చెప్పిన సాక్ష్యం

మొన్న మా మనవరాలు ఇంజినీరింగ్ పరీక్షలకు చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి పుస్తకం మూసేసి, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని కళ్లు మూసుకుంది. ఫోనులోంచి ఒక ఆడగొంతు గాలి లోపలికి తీసుకోమని, మెల్లగా బయటికి వదలమని తాపీగా చెబుతోంది. ఇదేమిటమ్మా అంటే స్ట్రెస్ తాతా అంది. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పకుండానే గాలి పీలుస్తున్నందుకు నాకు కాస్త గర్వంగా అనిపించిన మాట నిజం. మా కాలంలో దాన్ని పరేషాన్ అనేవాళ్లం. మందు ఒక్కటే, చాయ్ తాగి రమ్మనేవాళ్లు. నాకు చాయ్‌తో తగ్గలేదు. ఎలా తగ్గిందో, తగ్గాక నేనేం చేశానో మనవరాలికి చెప్పబోయి ఆగిపోయాను. నా వయసువాళ్లయితే సగం చెప్పగానే మిగతాది అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

మా బాపు బొగ్గుబాయిలో దిగేవాడు. కొడుకు మాత్రం దిగకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదల నన్ను కరీంనగర్‌లో ఎమ్మెస్సీ గణితం దాకా తోసుకొచ్చింది. నెలకోసారి, కనురెప్పల అంచున ఎంత కడిగినా పోని నల్లటి గీతతో హాస్టలుకు వచ్చి, "నువ్వు సదువుకో బిడ్డా, ఫికర్ నాకు వదిలెయ్యి" అని చెప్పి, ఉన్న ఫికరంతా నాకే వదిలేసి బస్సెక్కేవాడు. మొదటి ఏడాది రెండు పేపర్లు పోయాయి. ఆ తర్వాత పుస్తకం తెరిస్తే చాలు కడుపులో మెలిపెట్టే నొప్పి. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు, పడుకుంటే బాపు కనురెప్పలు. ఈ సంగతి హాస్టల్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అందరినీ నవ్వించే పని నాది.

ఒక్కడికి తెలుసు, నా గదిలో ఉండేవాడు. చెన్నూరు అవతల గోదావరి ఒడ్డు పల్లె అతనిది. తండ్రి లేడు, తల్లి కూలిపని. బీఎడ్ చేసి, పంతులు ఉద్యోగాల పరీక్ష రాసి, ఫలితం కోసం ఎదురుచూస్తూ నాతోపాటు ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ప్రతి గురువారం సాయంత్రం తల నున్నగా దువ్వుకుని మాయమయ్యేవాడు. అమ్మాయి పేరేమిటని నేను సతాయించేవాణ్ణి. ఒక గురువారం, "దా, సూపెడుత" అని నన్ను తీసుకుపోయాడు. చూస్తే ఆ అమ్మాయికి డెబ్బై ఏళ్లు. రిటైరైన నర్సమ్మ. ఆమె ముందు గదిలో చాప మీద పది పన్నెండుమంది విద్యార్థులు కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు.

మాది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. అంటే ఆదివారం మా అవ్వ చెవి పట్టుకుని గుడికి తీసుకుపోతే, ఆ చెవితో తప్ప దేనితోనూ వినని బాపతు నేను. అలాంటి పుట్టు క్రైస్తవుణ్ణి, నిన్నగాక మొన్న నమ్మినవాడు ప్రార్థనకు లాక్కుపోవలసి వచ్చింది. నర్సమ్మ ఏం ప్రార్థించమంటావని అడిగితే, దేవుడికి లెక్కలు వస్తే నా బదులు పరీక్ష రాయమనండి అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నవ్వించుడు అయింది గని, యాడ నొస్తుందో చెప్పు బిడ్డా" అంది. అంతమందిలో కడుపు మీద చెయ్యి పెట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గు. ఆమె ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి రెండే రెండు ముక్కలు ప్రార్థించింది. తర్వాత ఉప్మా పెట్టింది. మూడు పళ్లేలు తిన్నాను. నా ఫికరు మోయడానికి నాకంటే పెద్దవాడొకడు ఉన్నాడని నమ్మితే, కడుపు వదులవుతుందని అప్పుడు తెలిసింది. గురువారాలు గడిచాయి, పోయిన పేపర్లు రెండూ గట్టెక్కాయి.

ఆ ఏడు చలికాలం ఒక తెల్లవారుజామున మానేరు నీళ్లలో నా స్నేహితుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఒడ్డున ఆరుగురమే ఉన్నాం. తల తుడుచుకుంటూ, "ఎవలకు చెప్పకురా, దేవునికి తెలిస్తే సాలు" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎస్సీ కాగితం మీద చదువుకున్నవాడు క్రైస్తవుడని తేలితే ఆ కాగితం చెల్లదు, ఆ కాగితం మీద రాబోయే ఉద్యోగమూ రాదు. మా కుటుంబం కాగితంలో మతం సంగతి తాత నాడే రాసేసి ఉంది కనుక నాకు పోయేదేమీ లేదు. తెలియక చేశానని రాసుకోవాలని చాలా ఉంది గానీ, తెలుసు.

వేసవికి ముందు ఫలితాలు వచ్చాయి. జాబితాలో అతని పేరుంది. కాగితాల పరిశీలన ఒక్కటే మిగిలింది. బడికి వేసుకుపోవడానికని రెండు ప్యాంట్లు కుట్టించుకుని, వాటిని వేసుకోకుండా రోజూ తీసి చూసుకునేవాడు.

అదే వారం పట్టణంలో మూడు రోజుల ఉజ్జీవ కూటములు, అంటే క్రైస్తవుల బహిరంగ ప్రార్థన సభలు, జరిగాయి. మైదానం నాలుగు మూలలా లౌడ్‌స్పీకర్లు. మా సంఘాల్లో దేవుడు మేలు చేస్తే లేచి నిలబడి నలుగురిలో సాక్ష్యం చెప్పాలి, చెప్పకపోతే మేలు మింగి ఊరుకున్నట్టు లెక్క. చదువుల ఒత్తిడి నుంచి విడుదల పొందిన విద్యార్థిగా నన్ను వేదిక ఎక్కించారు. కడుపునొప్పి కథ చెప్పాను, ఉప్మా దగ్గర జనం విరగబడి నవ్వారు. అంత జనం నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. ఇంకొక్కటి చెబుదామనిపించింది. నన్ను ప్రార్థనకు లాక్కుపోయినవాడు వీడే అంటూ మూడో వరసలో ఉన్న స్నేహితుణ్ణి చూపించాను. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, మానేరులో చలికి పళ్లు టకటకలాడిన తీరు చేసి చూపించాను. ఆ దేవుడే వీడికి ఉద్యోగమిచ్చాడు అన్నాను. మైదానమంతా స్తోత్రం అంది. అతను తల దించుకుని ఉన్నాడు. భక్తి అనుకున్నాను.

పది రోజుల్లో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆఫీసువాళ్లు పల్లెకు పోయి, మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారని తల్లిని అడిగారు. కరీంనగర్‌లో కొడుకు పేరు మైకులో చదివారని ఆమెకు అప్పటికే కబురు అంది ఉంది, ఆ సంబరంలోనే ఉంది. "మా పిలగాడు యేసయ్యను మొక్కుతడు సారూ, గందుకే నౌకరీ అచ్చింది" అందట. మైకులో నేను చెప్పిన మాటే.

విచారించే అధికారి చెడ్డవాడు కాదు. క్రైస్తవుణ్ణి కానని, ఎన్నడూ కాలేదని సొంత చేత్తో రాసిస్తే ఫైలు మూసేస్తానని ఒక రోజు గడువు ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం గదిలో నేను నా స్నేహితుడి కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"రాసియ్యిరా, కాయితమే గదా. దేవుడు గిది పట్టించుకుంటడా?"

"ఆయన పట్టించుకోడురా."

"మరింకేంది?"

"నువ్వు మైకుల చెప్పింది నిజమే గదా. లేదని నేనెట్ల రాయాలె?"

"కూలికి పోయే మీ అవ్వను సూడవా? నేను దండం పెడుత, రాయిరా."

"నువ్వు నవ్వియ్యి, నాకు మంచిగనిపిస్తది. దండాలు పెట్టకు, నీకు నప్పది."

రాయలేదు. ఉద్యోగం పోయింది, వెనకాలే అదే కాగితం మీద వచ్చిన హాస్టలు సీటూ పోయింది. ట్రంకుపెట్టె బస్టాండు దాకా నేనే మోశాను. బస్సు కిటికీలోంచి, పరీక్ష రోజు ఏమన్నా తినిపో, ఉత్త కడుపుతో పోకు అని ఒక్కమాట చెప్పాడు. తినే పోయాను. ఫస్టు క్లాసు వచ్చింది. లెక్చరరునై ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి, పూలదండతో రిటైరయ్యాను.

మధ్యలో ఒక్కసారి, పరీక్షల డ్యూటీ మీద చెన్నూరు పోయినప్పుడు కలిశాడు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాడు, సాయంత్రం ట్యూషన్లు. తల్లి అంతకు రెండేళ్ల ముందే, కూలికి పోయిన చేనులోనే కూలిపోయి చనిపోయిందట. చాయ్ తాగుతూ, "నీ సాక్ష్యం మస్తుండెరా, నాతోనైతే గంత మంచిగ చెప్పుడు కాకపోవు" అన్నాడు. జీవితమంతా హాస్యంతో బతికినవాణ్ణి, అది హాస్యమో కాదో నాకు తేలలేదు. చాయ్ అతనే ఇప్పించాడు.

ఇప్పుడు మా సంఘానికి పెద్ద గుడి ఉంది, ఏసీ ఉంది, ఆరాధన మొత్తం ఫోనులో ప్రపంచమంతా చూస్తుంది. కెమెరా వెనక వరసల వైపు తిరగగానే నలుగురైదుగురు కుర్రవాళ్లు మంచినీళ్ల కోసమన్నట్టు లేచి బయటికి పోతారు. కొత్త పాస్టరుగారు పట్నం మనిషి, వీళ్లకు ఇంత దాహమేమిటని నన్నడిగారు. ఎండలు అన్నాను. అప్పుడది జనవరి. మా రోజుల్లో గట్టిగా చెప్పడమే విశ్వాసం అనుకున్నాం. ఈ పిల్లలు చెప్పకుండా నమ్మడం నేర్చుకున్నారు. ఏది మేలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నేను ఇప్పటికీ ప్రార్థన చేస్తాను, కడుపు నొయ్యదు. ఆ ఉపశమనం అసలైనదే, దొంగది కాదు. అందువల్లే మింగుడుపడదు.

ప్రతి ఏడూ యువజన కూడికలో విద్యార్థులకు సాక్ష్యం చెప్పమని అడుగుతారు. మోకాళ్ల నొప్పులు బాబూ, నిలబడలేను అంటాను. కూర్చునే చెప్పండి సార్ అంటారు, మంచి పిల్లలు. చెప్పొచ్చు. కానీ నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే, అది చెప్పాలంటే అతని పేరు మళ్లీ మైకులో పలకాలి.