వెండి కడియం చేయి మారిన ఉగాది

విడపనకల్లు దాటి బళ్లారి వైపు పోతే మా ఊరు. ఉగాది నాటి కుస్తీలో గెలిచినవాడి జబ్బకు ఊరు ఒక వెండి కడియం తొడుగుతుంది. అది ఉన్నవాడి వీపును గోదా మట్టికి ఆనించినవాడికే దక్కుతుంది. వయసు మళ్లిందనో విసుగొచ్చిందనో ఊరికే తీసి ఇవ్వడానికి లేదు. అది నా జబ్బకు ఎన్నేళ్లు ఉందంటే, నా కండ పెరిగి పెరిగి, కంసాలి దాన్ని ఒకసారి సాగదీయాల్సి వచ్చింది.

బళ్లారి నుంచి వచ్చిన ఒక పైల్వానును ఒంటి చేత్తో ఎత్తి విసిరితే వేపచెట్టు మీదుగా పోయి అవతల పడ్డాడు. సరే, మీదుగా కాదు, వేపచెట్టు పక్కన. ఒంటి చేత్తో కూడా కాదు. రెండు చేతులు, ఒక మోకాలు, తీర్పు చెప్పే పెద్దమనిషి అటు తిరిగినప్పుడు కొంచెం పళ్లు. కానీ పడ్డాడు. వాడి వీపుకు మట్టి అంటడం ఊరంతా చూసింది.

తొంభైల చివర్లో మా ఊరికి కేబుల్ వచ్చింది. కటింగ్ షాపు టీవీలో సాయంత్రం పూట అమెరికా కుస్తీలు మొదలయ్యాయి. గడ్డం గీయించుకునేవాళ్లు తక్కువ, చూసేవాళ్లు ఎక్కువ. అక్కడ కడియం లేదు, పళ్లెమంత బిళ్ల ఉన్న బెల్టు. పోయిన వారం ఒకడి నడుముకు ఉన్నది ఈ వారం ఇంకొకడి నడుముకు. రెఫరీ అటు తిరిగి ఉండగా మూడోవాడెవడో మడత కుర్చీతో వచ్చి ఛాంపియన్ నెత్తిన ఒకటి వేస్తాడు. ఎదుటివాడు మీద పడుకుని బెల్టు ఎత్తుకుపోతాడు.

"అంతా డ్రామా వస్తాదన్నా. ముందే మాట్లాడుకోనుంటారు," అనేవాడు షాపు ఆసామి, నా గడ్డానికి సబ్బు పూస్తూ.

"మాట్లాడుకోనీలే అప్పా. మాట్లాడుకున్నా పడేది రావాల గదా. గెలిచేటోన్ని కాదు, పడేటోన్ని చూడు."

నాకు తెలిసిన విద్య అది. పడేవాడు మనసు పెట్టి పడితే గెలిచినవాడు మొనగాడవుతాడు. కుర్చీ దెబ్బతో వచ్చిన బెల్టు కొత్తవాడి నడుముకు ఉన్నా, జనం కళ్లు పాతవాడి మీదే ఉంటాయి. ఒక సాయంత్రం మాత్రం ముదురు ఛాంపియన్ ఒకడు కుర్రవాడి చేతిలో ఓడి, మెల్లగా లేచి, ఖాళీ నడుమును తడుముకున్నాడు. "ఇదీ ఓడిపోవడమంటే!" అన్నాను. షాపంతా ఒప్పుకుంది. ఈ ఉపన్యాసం నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఆ తర్వాతి ఉగాదికి నన్ను గోదాలోకి పిలిచినవాడు నా చెల్లెలి కొడుకు. నా కూతుర్ని చేసుకున్నదీ వాడే. కుస్తీ నా దగ్గరే నేర్చుకున్నాడు. మా కడియం ఉన్న మనిషంటే కర్ణాటక వైపు జాతర్లలో పెద్ద కుస్తీలకు పిలుస్తారు. వాడికి కావలసింది ఆ పిలుపే. వానలు లేని ఏడు, వాడు నడిపే ట్రాక్టరు షెడ్డులో ఊరికే నిలబడి ఉంది.

నేను వాణ్ణి గంటసేపు ఆడించాను. కాదులెండి, పది నిమిషాలు. అందులో సగం ఊపిరి పీల్చుకోవడానికి వాడి మెడ పట్టుకుని వేలాడాను. నా మెడపట్టు విడిపించుకున్నవాడు లేడు. దాన్ని విడిపించుకునే కిటుకు వాడికి నేర్పకుండా దాచుకున్నాను కూడా. వాడు సొంతంగా కనిపెట్టాడు. ఒక్కసారి కిందికి జారి, నా చేతిని తన భుజం మీదికి లాక్కుని, చాకిరేవులో బట్టను బండకు బాదినట్టు బాదాడు. కళ్లు తెరిస్తే ఆకాశం, ఒక్క మబ్బు తునక కూడా లేదు.

ఎవరూ ఈల వేయలేదు. ముందు ఒక నవ్వు, దాని వెనకే షాపు ఆసామి గొంతు వినిపించాయి.

"టీవీలో మాదిరే ఉండాదప్పా! మామ ఇచ్చినాడు, అల్లుడు తీసుకున్నాడు."

ఆ మాట నాకు తియ్యగా తగిలింది. లేస్తూ లేస్తూ మీసం మీద చెయ్యి వేసి చిన్నగా నవ్వాను. ఆ నవ్వే కొంప ముంచింది. కడియం తీసి ఇస్తే అల్లుడు చేయి చాచలేదు.

"వద్దు మామా."

"ఏమప్పా, గెలిచినావు గదా."

"నువ్వు నవ్వితివి గదా. ఇది ఏసుకోని యాడికి పోయినా, మామ పెట్టిన ఉగాది బట్టలు అంటారు."

జనం వైపు తిరిగి, నిజంగానే ఓడిపోయానని ఒట్టు పెట్టాను.

"వేపచెట్టు మింద నుంచి ఎగిరిపోయినోని మింద ఒట్టేనా అన్నా?" అన్నాడొకడు. ఒకటే నవ్వులు. నా నోటికి ఊళ్లో ఉన్న విలువ అంతే.

మా గోదా దగ్గర ఒక మర్యాద ఉంది. ఓడినవాడికే ముందు నీళ్లు. గోదా మట్టిలో మజ్జిగ, నూనె, పసుపు కలుపుతారు. అది వీపుకు అంటితే దులిపినా పోదు. ఓడినవాడు ఆ వీపుతో వీధిలోకి పోకూడదని, ట్యాంకరు నీళ్లతో ఊరు బతికే కరువులో కూడా ఒక బిందె పక్కన పెడతారు. ఇన్నేళ్లూ ఓడినవాళ్ల వీపుల మీద చెంబుతో పోసింది నేనే. ఆ రోజు అల్లుడు చెంబు ముంచి నిలబడ్డాడు.

"పొయ్యొద్దు," అన్నాను. కడియం మొలకు దోపుకుని, చొక్కా వేసుకోకుండా పెద్ద వీధి పట్టుకున్నాను. ఇంటికి అడ్డదారి ఉంది. అయినా అటు పోలేదు.

"ఏమప్పా వస్తాదూ, వీపంతా మట్టే!" అంది అరుగు మీది ముసలమ్మ.

"చూడవ్వా, బాగా చూడు. రెండు పక్కలా అంటింది."

గుమ్మంలో నా భార్య అడ్డంగా నిలబడింది. "ఏందయ్యా ఈ అవతారం?"

"ఓడిపోతినే."

"తెలుస్తాంది. దానికి ఊరేగింపు చేయాల్నా?"

"చేయాల," అని అటునుంచి అటే కటింగ్ షాపుకు పోయాను. టీవీకి అడ్డంగా నిలబడి, షాపుకు వీపు తిప్పి చూపించాను. ఆసామి వేలితో గీకాడు. రాలలేదు. మెడ వెనక చూశాడు, చెవిలో చూశాడు, తోలు లేచిన మోచెయ్యి చూశాడు. ఆఖరుకు ముందుకు వచ్చి నా మొహం చూశాడు. నేను నోరు తెరవలేదు.

"ఉత్తగా ఇచ్చింటే ఈపాటికి ఈయప్ప దాని మింద పది కతలు చెప్పింటాడు. నోట ఒక్క గొప్ప కూడా రాల్యా. ఓడిపోయినాడప్పా, నిజంగానే ఓడిపోయినాడు!"

వెనక బెంచీ నుంచి ఈల వచ్చింది. గోదాలో రావలసిన ఈల అది. తర్వాత షాపంతా ఈలలే.

అల్లుడు చెంబు పట్టుకుని నా వెనకే వచ్చి షాపు గుమ్మం బయటే ఉన్నాడు. ఈసారి చేయి చాచాడు. కడియం తొడగబోతే వాడి మోచెయ్యి కూడా దాటలేదు. అటూ ఇటూ తిప్పుతుంటే లోపలి నుంచి పాత గుడ్డ పేలిక ఒకటి అందరి ముందే ఊడి పడింది. కంసాలి నా జబ్బ కోసం సాగదీశాడని చెప్పాను కదా, అదేమీ లేదు. వదులై జారిపోతుంటే గుడ్డ చుట్టి పెట్టుకునేవాణ్ణి. కంసాలి దాన్ని నిజంగా సాగదీసింది ఆ మర్నాడు, నా అల్లుడి జబ్బకు.

ఆ తర్వాత కర్ణాటక వైపు ఏ గోదాలో దిగినా వాణ్ణి "మామను పడేసినోడు" అనే పిలిచేవారు. నేనూ వెంట పోయి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. ఎవరైనా ఇటు తిరిగి "ఆ మామ నువ్వేనా?" అని అడిగితే, నన్ను పడేయడానికి వాడికి గంట పట్టిందని చెప్పేవాణ్ణి.