మిల్లీమీటరు చేసిన విమానం

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో, అద్దాలు అరగదీసే చక్రం ముందు ముప్పై ఏళ్లుగా కూర్చున్న ఆ మనిషిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను మిల్లీమీటరు. అద్దం ఓ అర మిల్లీమీటరు ఎక్కువైతే ఫ్రేములో పట్టదు, తక్కువైతే ఊడి కింద పడుతుంది. పనిలో ఉండాల్సిన ఆ పట్టింపును అతను ఇంటికి కూడా మోసుకొచ్చాడు. మేకు వంకరగా దిగిందని మూడుసార్లు పీకి కొట్టి, చివరికి గోడకే కన్నం పెట్టిన ఘనుడు. పనిరాక్షసుడంటారే, అది కాదు. పని పూర్తి కానివ్వని రాక్షసుడు.

సెలవురోజుల్లో చిన్న విమానాలు తయారుచెయ్యడం అతని సరదా. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలొస్తాయి, అతికించి రంగులు వెయ్యాలి. అతని అక్క మొగుడు ఒకే రకం యుద్ధవిమానానికి ఇరవై ఆరేళ్లు మరమ్మతులు చేసి రిటైరయ్యాడు. తర్వాత ఆ విమానాలనూ తుక్కు కింద కోసేశారు. చిన్నప్పుడు స్క్రూడ్రైవరు చేతికిచ్చి, పట్టుకోవడం నేర్పింది ఈ బావే. ఒక్కసారి ఆయన నోట "తప్పు లేదురా" అనిపించుకోవాలని మిల్లీమీటరుకు ఎప్పటినుంచో ఆశ.

ఒకరోజు కంటి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని బావ దుకాణానికి వచ్చాడు. నీటికాసులు. చూపు అంచుల నుంచి కుదించుకుపోతోంది, పోయింది తిరిగి రాదు. మహా అయితే రెండేళ్లన్నాడట డాక్టరు.

"నా విమానం ఒకటి చేసిపెట్టరా. కళ్లుండగా ఒకసారి చూసుకుంటాను," అన్నాడు బావ.

"రెండు నెలల్లో మీ బల్ల మీద ఉంటుంది బావా."

పెట్టె తెప్పించి మూత తియ్యగానే మిల్లీమీటరు మొహం మాడ్చుకున్నాడు. అది పాతకాలపు అచ్చు. రేకుల అతుకులు, తలుపులు, మరలు అన్నీ ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా ఉన్నాయి. అసలు విమానం మీద రేకుకూ రేకుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది గానీ గట్టు ఉండదు. బావ ఇరవై ఆరేళ్లు చూసినదాన్ని తప్పుగా చూపిస్తామా? గరుకు కాగితం తీసుకుని ఆ ఉబ్బెత్తు గీతలన్నీ నున్నగా రుద్దేసి, సూదితో వెంట్రుక మందాన మళ్లీ లోతుగా గీశాడు. దానికే నాలుగు నెలలు పట్టింది.

ఆ తర్వాత మొదలైంది అసలు జబ్బు. ఇలాంటి విమానాలకు పెట్టెలో ఉన్నవాటికన్నా మేలైన భాగాలు విడిగా తయారుచేసి అమ్మేవాళ్లుంటారు. పైలట్ సీటు పీటచెక్కలా ఉందని రెజిన్ అనే గట్టి జిగురుతో పోతపోసిన సీటు తెప్పించాడు. దానికి ఇత్తడి రేకు బెల్టులు, ఆ బెల్టులకు ఆవగింజంత బకిల్సు. కొత్త సీటు పైలట్ గదిలో పట్టలేదని గోడలు లోపలి నుంచి చెక్కాడు. చెక్కితే గోడ చిల్లుపడింది. మళ్లీ మొదటికొచ్చింది.

"ఎంతవరకు వచ్చిందిరా?" అని అక్క ఫోను.

"సీటు కుదరాలక్కా."

"అందులో ఎవడు కూర్చుంటాడని నీకంత బెంగ?"

"నిదానమే ప్రధానమన్నారక్కా."

"ఆలస్యం అమృతం విషమని కూడా అన్నారు. ఆ సంగతి మర్చిపోకు."

ఏడాదిన్నర అయ్యాక బావ మళ్లీ దుకాణానికి వచ్చాడు. వస్తూ వస్తూ పక్కనున్న తలుపు చట్రానికి భుజం గుద్దుకున్నాడు. కళ్లజోళ్లతోనే బతికే మనిషికి దాని అర్థం వేరే చెప్పాలా? మిల్లీమీటరు చూశాడు. చూసి, ఆ సాయంత్రమే విమానం ముక్కుకు ఇత్తడి మొన ఆర్డరు పెట్టాడు.

"రంగు లేకపోయినా పర్లేదురా. ఉన్నదున్నట్టు తీసుకురా," అన్నాడు బావ వెళ్తూ.

"సగం పని మీకెలా చూపించను బావా? ఇంకొక్క నెల."

రంగు దగ్గర ఆ నెల కాస్తా ఏడు నెలలైంది. బూడిదరంగులో మూడు ఛాయలు. ఏ రెండు ఫొటోలూ ఒకలా లేవు. పిచికారీ చెయ్యడం, నచ్చక కడిగెయ్యడం. బావను అడిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. కానీ చూపించగానే ఆయన నోట మాట రాకూడదని ఇతగాడి పంతం.

విమానం పూర్తయ్యేసరికి రెండేళ్లా ఒక నెల గడిచింది. అప్పటికి బావకు పగలేదో చీకటేదో మాత్రం తెలుస్తోంది.

అయినా తీసుకెళ్లి చేతుల్లో పెట్టాడు. బావ వేళ్లతో తోక నుంచి ముక్కు దాకా మెల్లగా తడిమాడు. ఇత్తడి మొన బొటనవేలికి గుచ్చుకుంది.

"సీటేదిరా? మీ అక్క చెప్పింది."

"లోపలుంది బావా. పైన అద్దం మూత అంటించేశాను."

"ఓహో. మరి ఇంజను తలుపు? ఇక్కడే ఉండాలే. అంతా సబ్బుబిళ్లలా ఉంది."

"ఉంది బావా. సన్నగా గీశాను. కంటికైతే..." మిగతా మాట మింగేశాడు.

"బాగా చేశావురా," అన్నాడు బావ, నొప్పించడం ఇష్టం లేక.

ఇంటికి వెళ్తూ బస్సులో తన చేతులు చూసుకున్నాడు మిల్లీమీటరు. ఆ గట్లన్నీ ఈ చేతులే అరగదీశాయి. ఉంచి ఉంటే బావ వేళ్లతోనైనా చదువుకునేవాడు. పక్కసీటులో మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అదే పాత అచ్చు పెట్టె ఇంకొకటి వెతికి తెప్పించాడు. ఈసారి గరుకు కాగితం లేదు, రెజిన్ లేదు, ఇత్తడి లేదు. పెట్టెలో వచ్చిన సూచనల కాగితంలో చూపించిన వరసలో అతికించుకుంటూ పోయాడు. రెక్క దగ్గర సందు వచ్చింది. చెయ్యి లప్పం డబ్బా మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాడు.

ఆ విమానం చేతికి తగలగానే బావ వేళ్లు పరుగు తీశాయి. "ఇది రేడియో తలుపు. పద్నాలుగు మరలు. చలికాలం ఒక్కటీ కదిలి చచ్చేది కాదు. ఇదిగో ఇంజను తలుపు. దీని కింద పడుకునే నా నడుం పోయింది." నవ్వాడు. చాలా నెలలకు నవ్వాడని గుమ్మంలో నిలబడ్డ అక్క మొహమే చెప్పింది.

"రంగు వేశావా?"

"లేదు బావా."

"ఎన్నాళ్లు పట్టిందిరా దీనికి?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"రెండు సాయంత్రాలు."

బావ వేళ్లు రెక్క మీద ఆగిపోయాయి. "రెండు సాయంత్రాలా," అన్నాడు మెల్లగా.

విమానాన్ని మొహం దాకా ఎత్తి, కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. నాలుగు తిట్టినా బాగుండునని మిల్లీమీటరు తలవంచుకుని కూర్చున్నాడు.